ఆల్కహాల్ లేని అత్తరు: మొదటి పావుగంట ఓర్చుకోగలిగితే

"అమ్మా, పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చావా?"

ఈ అత్తరుకి మా ఇంట్లో దక్కిన మొట్టమొదటి రివ్యూ ఇది. ఇచ్చింది పన్నెండేళ్ల మా అబ్బాయి. పార్సిల్ విప్పి, మణికట్టు మీద ఒక్క గీత గీసుకుని, వాడి హోమ్‌వర్క్ చూద్దామని పక్కన కూర్చున్నానో లేదో, ముక్కు ఎగబీల్చి ఆ మాట అనేశాడు. నాకు కోపం వచ్చింది. అప్పటికే నాకూ అచ్చం అదే అనిపించింది మరి, పైకి ఒప్పుకోలేదంతే.

వాడి ముక్కులో లోపమేం లేదు. లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజెనాల్ అనే పదార్థం. పంటి గుంతల్లో తాత్కాలికంగా పెట్టే సిమెంటులో జింక్ ఆక్సైడ్‌తో కలిపి డాక్టర్లు వాడేది కూడా అదే. అందుకే లవంగం ముందుండే సెంటు ఏదైనా సరే, ఆ కుర్చీనీ, నోరు తెరిచి పడుకోవడాన్నీ, ఆ డ్రిల్లు చప్పుడునీ ఒక్క క్షణం గుర్తు చేసి తీరుతుంది.

ఇప్పటికి నాలుగు నెలలైంది ఈ సీసా నా దగ్గర ఉండబట్టి. మొదటి రోజే రివ్యూ రాసి ఉంటే ఒక్క స్టార్ పడేసి, సీసాని ఎవరికో అంటగట్టేసేదాన్ని. కంపెనీ పేరు రాయడం లేదు. ఒకటి, ముందు ముందు నేను తిట్టేవి కూడా ఉన్నాయి. రెండు, ఇదే తరహా నూనెలు చేసేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. లేబుల్ మీద వార్మ్, స్పైసీ, ఉడీ అనే మూడు మాటలూ కనిపిస్తే లోపల దాదాపు ఏముంటుంది, అది ఒంటి మీద ఎలా నడుస్తుంది అన్నది చెబితే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు నా సంగతి. నేను ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. రోజంతా ఏసీ గది, తలుపులు మూసేసి ఉంటాయి. స్ప్రే సెంట్లు నాకు పడవు. కొట్టుకున్న నిమిషంలోనే గొంతులో గరగర, వరసగా ఆరేడు తుమ్ములు, ఆపైన కుడి కణత దగ్గర మొదలయ్యే నొప్పి. పొద్దున్న లిఫ్టులో ఎవరైనా తాజాగా కొట్టుకుని ఎక్కితే ఊపిరి బిగబట్టి నాలుగో అంతస్తు దాకా వెళ్లడం నాకు అలవాటు. దానికి తోడు మోచేతుల దగ్గర చర్మం పొడిబారి తెల్లగా గీతలు పడుతుంది. అక్కడ ఆల్కహాల్ తగిలితే మంట. మా చెల్లి ఇదంతా చూసి చూసి, "అక్కా, నీకు సరిపడంది సెంటో, అందులో ఉన్న స్పిరిటో ఎప్పుడైనా తేల్చుకున్నావా? ఒక్కసారి నూనె వాడి చూడు" అంది. దాని మాట మీదే, వాసన కూడా చూడకుండా ఆర్డర్ పెట్టాను. వాసన చూడకుండా సెంటు కొనడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు, అయినా చేశాను.

వచ్చింది ఆరు మిల్లీలీటర్ల సీసా. చూపుడు వేలంత పొడవు, వేలికంటే కొంచెం లావు. మూత తీస్తే లోపల స్టీలు గోళీ. దాన్ని చర్మం మీద దొర్లిస్తే సన్నటి తడి గీత పడుతుంది. వెలుతురులో పెట్టి చూస్తే నూనె లేత తేనె రంగులో ఉంది. సీసా వంచితే గోడల మీద నుంచి నింపాదిగా జారుతుంది, నీళ్లలా పరుగెత్తదు. ఆరు మిల్లీలీటర్లేనా అని మొదట ఉసూరుమన్నాను. వారానికి నాలుగైదు రోజుల చొప్పున నాలుగు నెలలు వాడాక కూడా ఇంకా సగం ఉంది. మామూలు స్ప్రే సీసాలో నూటికి డెబ్బై ఎనభై పాళ్లు ఆల్కహాలే ఉంటుందని గుర్తుంటే ఇందులో ఆశ్చర్యమేం లేదు.

ఇక లేబుల్ మీద పెద్దక్షరాలతో రాసిన "ఆల్కహాల్ ఫ్రీ" గురించి. దాని అర్థం ఇథనాల్ లేదని, అంతవరకే. కెమిస్ట్రీ క్లాసులో కూర్చున్నవాళ్లు అడిగితే అమ్మేవాళ్లు ఇరుకున పడతారు. గంధానికి ఆ వాసన ఇచ్చే సాంటలాల్ కూడా రసాయన శాస్త్రం లెక్కలో ఆల్కహాలే, పేరు చివర ఉన్న ఆ "ఆల్" అందుకే. అది మండించే రకం కాదు, ఆరిపోయే రకమూ కాదు, కాబట్టి నాకు గొడవ లేదు. నాకు పడనిది ఇథనాల్. అది 78 డిగ్రీలకే మరుగుతుంది, ఒంటి వేడికే చకచకా ఆవిరైపోతుంది. పోతూ పోతూ సెంటు మొత్తాన్ని గాల్లోకి ఎగరేసుకుపోతుంది. స్ప్రే కొట్టగానే గదంతా గుప్పుమనేది దాని వల్లే. నూనెకి ఆ తొందర లేదు. వాసనని ఒడిలో పెట్టుకుని కూర్చుంటుంది, కొంచెం కొంచెంగా వదులుతుంది.

ఆ నూనె ఏమిటన్నది కూడా చూసుకోవాలి. నా సీసా మీద జొజోబా అని ఉంది. నూనె అంటారు గానీ నిజానికి అది ద్రవరూపంలో ఉండే మైనం. త్వరగా మక్కిపోదు, దానికంటూ పెద్దగా వాసన ఉండదు. కొందరు గడ్డకట్టకుండా విడదీసిన కొబ్బరినూనె వాడతారు, అదీ మంచిదే. చవకగా చేసేవాళ్లు డైప్రొపిలీన్ గ్లైకాల్ పోస్తారు. అది నూనే కాదు, పైగా రసాయనపరంగా అదీ ఆల్కహాల్ కుటుంబమే. అందులో తప్పేం లేదు, సెంట్ల తయారీలో మామూలుగా వాడేదే. కానీ చర్మం మీద నూనెలా ఉండదు, కాస్త జిగటగా తగులుతుంది. ముందు పెర్ఫ్యూమ్ ఆయిల్ అని రాసి, వెనక చిన్నక్షరాల్లో ఆ పేరు కనిపిస్తే నాకు మాత్రం కొంచెం చిరాకు.

సరే, అసలు వాసన సంగతికి వద్దాం. ఒక మామూలు మంగళవారం, పొద్దున్న ఏడూ యాభైకి రాసుకున్న రోజు ఎలా గడిచిందో చెబుతాను.

రాసుకున్న వెంటనే లవంగం. లవంగమంటే మొహమాటంగా మూలన నిలబడేది కాదు, తలుపు తోసుకుని వచ్చే లవంగం. దాని వెనకే మిరియాలు. ఇక్కడ ఒక తమాషా ఉంది. మిరియం నాలుకకి మంట పుట్టించేది పైపరిన్ వల్ల, అది ఆవిరిగా లేవదు. అందుకే ఆవిరి పట్టి తీసిన మిరియాల నూనెలో ఆ మంట రాదు, వాసన మాత్రమే వస్తుంది. పొడిపొడిగా, చెక్కకి చాలా దగ్గరగా ఉండే వాసన. ముక్కుకి సుర్రుమంటుందేమోనని వెనక్కి తగ్గబోయాను, అలాంటిదేం జరగలేదు. తుమ్ము కూడా రాలేదు. స్ప్రేలతో నేను పడ్డ బాధకి ఇదొక్కటే చాలు అనిపించింది. కానీ పళ్ల డాక్టర్ మాత్రం కదలడే.

పది నిమిషాలయ్యాక దాల్చినచెక్క, యాలకులు. యాలకుల వాసనలో ఒక చల్లదనం ఉంటుంది చూడండి, గొంతులో గాలి ఆడినట్టు. అది ఇక్కడ బాగా కలిసొచ్చింది. మసాలాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉక్కిరిబిక్కిరి చేస్తున్న చోట ఎవరో కిటికీ రెక్క తీసినట్టు ఉంది. జాజికాయ కూడా ఉందని లేబుల్ చెబుతోంది. నా ముక్కుకి అది విడిగా దొరకలేదు.

ఎనిమిదీ ఐదు ప్రాంతంలో లవంగం వెనక్కి తగ్గింది. వెళ్లిపోలేదు, గొంతు తగ్గించింది. అప్పుడొచ్చింది చెక్క.

ఈ చెక్క వాసన ఎక్కడో బాగా తెలిసినదే అని మూడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఒక ఆదివారం సాయంత్రం మా వాడు బల్ల మీద పెన్సిల్ చెక్కుతున్నాడు. షార్ప్‌నర్లోంచి ఆ పొట్టు విసనకర్రలా విచ్చుకుంటూ, అంచున ఎర్రటి రంగు గీతతో బయటికి వస్తోంది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను, తర్వాత మణికట్టు. మళ్లీ పొట్టు, మళ్లీ మణికట్టు. అదే! మా వాడు నన్ను వింతగా చూశాడు, చూడనీ. తర్వాత చదివితే తెలిసింది, సెంట్లలో సెడార్‌వుడ్ అని రాసేవాటిలో వర్జీనియా రకం నిజానికి సెడార్ కాదు, జునిపర్ జాతి చెట్టు. ఒకప్పుడు పెన్సిళ్లు చేసింది ఆ చెక్కతోనే. అంటే మనకి పెన్సిల్ వాసన అనిపించేది పోలిక కాదు, చుట్టరికం.

తొమ్మిదిన్నరకి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాక గంధం మొదలైంది. ఇది నేను ఎదురు చూడని భాగం. గంధమంటే పొడిగా, ధూళిలా ఉంటుందనుకున్నాను. ఇది పాలు కలిపినట్టు మెత్తగా ఉంది. కీబోర్డు మీద చేతులు ఆడినప్పుడల్లా పైకి లేస్తుంది, చేతులు ఆగితే అదీ ఆగుతుంది. ఇన్వాయిస్‌లు సరిచూస్తూ మధ్యమధ్యలో మణికట్టు ముక్కు దగ్గరికి తీసుకెళ్లడం నాకు తెలియకుండానే అలవాటైపోయింది. ఎవరైనా చూస్తే గడియారం వాసన చూస్తోందనుకుంటారు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక అంబర్. ఈ మాట చాలామందిని తికమక పెడుతుంది. సెంట్లలో అంబర్ అంటే ఆ పసుపు రాయి కాదు, ఆ రాయికి చెప్పుకోదగ్గ వాసనే లేదు. ఒక పొద నుంచి వచ్చే లాబ్డానమ్ అనే బంక, సాంబ్రాణి, వెనిల్లా ఈ మూడూ కలిపితే వచ్చే వెచ్చటి తీపి వాసనకి పెట్టుకున్న పేరు అది. నా సీసాలో వెనిల్లా చెయ్యి కొంచెం ఎక్కువైంది. ఇంకో పిసరు తగ్గించి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం రెండింటికి, కడుపు నిండి కళ్లు మూతలు పడే వేళకి, ఆ తీపి నాకు మొహం మొత్తుతుంది.

నాలుగున్నరకి అది కూడా సర్దుకుంది. మిగిలింది చర్మం వాసన లాంటిది. కొంచెం గంధం, కొంచెం పచౌలీ అనే ఆకు వాసన, వాన తర్వాత ఎండుతున్న మట్టిలాంటి తడి. మోచేతి మడతలో ముక్కు పెడితే తప్ప దొరకదు. రాత్రి పదింటికి కూడా ఉంది. మర్నాడు పొద్దున్న స్నానం చేశాక పోయింది, స్కార్ఫుకి మాత్రం మూడు రోజులుంది.

అంటే లవంగం వాసనతో ఉండేది పావుగంట, చెక్క వాసనతో ఉండేది పూట. అమ్మే చోట సీసా మూత తీసి వాసన చూస్తే మీకు దొరికేది ఆ పావుగంటే. నచ్చినా, నచ్చకపోయినా అక్కడికక్కడ తేల్చుకోకండి. మణికట్టు మీద రాసుకుని వెళ్లిపోండి, ఓ గంట మీ పని మీరు చూసుకోండి. ఆ తర్వాత కూడా ఇష్టమైతేనే కొనండి.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం. కొత్తలో, రెండో వారం. పొద్దున్న రాసుకున్నాను, అరగంటకి నాకు వాసన తెలియలేదు. ఇంకో రెండు గీతలు. బయల్దేరే ముందు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంటే అంతంతమాత్రమే. చెవుల వెనక, మెడ మీద ఇంకో నాలుగు. మేం నలుగురం ఒకే కారులో ఆఫీసుకి వెళ్తాం. ఎక్కిన రెండు నిమిషాలకి, మా అందరికంటే చిన్నవాడు, ముందు సీట్లో కూర్చునే అబ్బాయి, మాట్లాడకుండా అద్దం దించాడు. బయట ట్రాఫిక్ పొగ. "ఏసీ వేసుంది కదా" అన్నాను. "పర్లేదు మేడమ్, గాలి బాగుంది" అన్నాడు. పొగలో తల బయట పెట్టి మరీ గాలి బాగుందన్నాడంటే ఆ పిల్లాడి సంస్కారాన్ని మెచ్చుకోవాలి. నా పక్కనున్నావిడకి అంత సంస్కారం లేదు, "ఏం రాసుకొచ్చావే తల్లీ" అని నేరుగా అడిగేసింది.

జరిగిందేంటంటే నూనె అయిపోలేదు, నా ముక్కు దానికి అలవాటు పడిపోయింది. ఒకే వాసన కాసేపు తగులుతూ ఉంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మనిల్లు మనకి వాసన రాదు, ఊరెళ్లి తిరిగొచ్చి తలుపు తీస్తేనే తెలుస్తుంది, అలాగే. పైగా ఈ చెక్క సెంట్లతో ఇంకో మెలిక ఉంది. వీటిలో వాడే కొన్ని పెద్ద అణువులు కొందరి ముక్కుకి అసలు అందవు. 1973లో ల్యాబులో తయారుచేసిన ఐసో ఇ సూపర్ అనే సెడార్ తరహా పదార్థం అలాంటిదే. ఒకరికి పట్టులా మెత్తగా అనిపిస్తుంది, ఇంకొకరికి ఏమీ అనిపించదు, మరొకరికి వచ్చిపోతూ ఉంటుంది. కాబట్టి "నాకు రావడం లేదు" అని మళ్లీ మళ్లీ పూసుకోవడం కంటే పక్కవాళ్లని అడగడం మేలు. ఇప్పుడు నా లెక్క మణికట్టుకి ఒక గీత, మోచేతి మడతలో ఒక గీత. అంతే. కారు అద్దం దిగడం లేదు.

సరైన మోతాదులో రాసుకుంటే ఇది ఎంత దూరం వెళ్తుంది? పక్క కుర్చీ దాకా కూడా వెళ్లదు. చెవిలో ఏదైనా చెప్పేంత దగ్గరికి వచ్చినవాళ్లకి తెలుస్తుంది. మా ఆయనకి, "ఏదో బాగుందే" అని అర్థం కావడానికి నెల పట్టింది. గదిలోకి రాగానే అందరూ తల తిప్పి చూడాలి అనుకునేవాళ్లకి ఇది సరిపోదు, స్ప్రేనే కొనుక్కోండి. నాకు కావలసింది మాత్రం ఇదే. లిఫ్టులో నేను ఎవరికి శాపనార్థాలు పెట్టేదాన్నో ఆ మనిషి నేను కాకూడదు.

మణికట్లు రెండూ కలిపి రుద్దకూడదు, అణువులు విరిగిపోతాయి అని చెప్పేవాళ్లుంటారు. అణువులేం విరగవు. రుద్దితే పుట్టే వేడికి మొదటి మసాలా వాసనలు కాస్త త్వరగా ఎగిరిపోతాయి. లవంగం ఇష్టం లేని నేను కావాలనే రుద్దుతాను. పొడి చర్మం ఉన్నవాళ్లు ముందు వాసన లేని క్రీము ఏదైనా పలచగా రాసుకుని దాని మీద ఈ నూనె గీసుకోండి. నాకు అలా చేసిన రోజున రెండు గంటలు ఎక్కువ నిలిచింది.

ఇక ఆ గంధం అసలుదేనా అన్న సందేహం. లేబుల్ మీద శాండల్‌వుడ్ అని ఉంది, ఏ రకమో, నూనెనో లేక ల్యాబులో చేసిందో లేదు. నా అనుమానం, పూర్తిగా అసలుది కాదని. శ్రీగంధం చెట్టు వేళ్లతో పక్క చెట్ల మీద ఆధారపడి బతుకుతుంది. వాసనంతా లోపలి చేవలోనే ఉంటుంది, ఆ చేవ పట్టడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. విచ్చలవిడిగా నరకబట్టి ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ దాన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో చేర్చింది కూడా. అలాంటి నూనెని ఇంత ధారాళంగా పోసి అమ్మడం ఎవరి వల్లా కాదు. అసలు కాకపోతే నాకేం బాధ లేదు, మెత్తగా ఉంది, తలనొప్పి రాలేదు. కానీ రాసి ఉంటే బాగుండేది. ల్యాబులో చేసిన గంధం అని ఒప్పుకుంటే తక్కువైపోతామని ఎందుకనుకుంటారో. వెనిల్లాకి ఆ వాసన ఇచ్చే వెనిలిన్‌ని ల్యాబులో చేయడం 1874లోనే మొదలైంది, అప్పటినుంచీ ఎవరికీ పరువు పోలేదు.

చర్మం సంగతి కొంచెం జాగ్రత్తగా చదవండి. ఆల్కహాల్ లేదు కాబట్టి ఒంటికి పడుతుంది అనుకోవడం పొరపాటు. నేనూ అదే అనుకున్నాను. మూడో రోజున మెడ కింద, కాలర్ ఎముక దగ్గర ఎర్రగా అర్ధరూపాయంత మచ్చ, కాస్త దురద. రెండు రోజుల్లో తగ్గింది. అక్కడ మళ్లీ రాయలేదు, చేతుల మీద మాత్రం ఇప్పటిదాకా ఏమీ రాలేదు. దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, లవంగంలో యూజెనాల్, ఈ రెండూ కొందరికి ఎలర్జీ తెప్పించే పదార్థాలుగా పేరుపడ్డవే. యూరప్‌లో ఇలాంటి 26 పదార్థాలని ఒంటి మీద ఉంచుకునే ఉత్పత్తుల్లో 0.001 శాతం దాటితే పేరుపేరునా లేబుల్ మీద రాయాలని 2003లోనే నియమం తెచ్చారు. 2023లో ఆ జాబితాని ఎనభై దాటించారు. నా సీసా డబ్బా వెనక యూజెనాల్, సిన్నమల్, కౌమరిన్, లినలూల్ అని నాలుగు పేర్లు చీమల బారులా ఉన్నాయి. అవి చూసి భయపడక్కర్లేదు. నిజానికి, మసాలా సెంటు అయ్యుండి ఆ పేర్లేవీ రాయనివాణ్ణి చూసి భయపడాలి. ముందు మోచేతి లోపలి వైపు ఒక చుక్క పెట్టి రెండు రోజులు ఆగండి. ఆస్తమా, ఎగ్జిమా లాంటివి ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి ముట్టుకోండి. పసిపిల్లల్ని ఎత్తుకునేవాళ్లు ఆ చేతికి వద్దు.

తిట్లు ఇప్పుడు. గోళీ ఉన్న ఈ మూత ఒక దరిద్రం. సీసా నిలువుగా ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, బ్యాగులో పడుకోబెట్టామా, గోళీ చుట్టూ సన్నగా ఊరుతుంది. బ్యాగు లోపలి గుడ్డ, తాళాలు, పర్సు, ఆఖరికి నా ఐడీ కార్డు తాడు కూడా లవంగం వాసన. రెండో నెలలో గోళీ బిగుసుకుపోయి తిరగడం మానేసింది. చర్మం మీద ఉండే మట్టీ జిడ్డూ దానికి అంటుకుని లోపలికి వెళ్తాయి మరి. గుడ్డతో తుడిచి, గోరువెచ్చటి నీళ్లలో మూతి కాసేపు ఆనించి పెడితే కదిలింది. లేబుల్ మీది సిరా ఆ నూనెకే చెరిగిపోయింది. ఇప్పుడు సీసా మీద పేరు సగమే ఉంది. నూనె సీసాకి నూనె తగిలితే చెరిగే లేబుల్ అంటించినవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి. కస్టమర్ కేర్‌కి ఫొటో పెట్టి రాస్తే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని ఒక ముక్క జవాబు.

బట్టలకి కూడా తగలనివ్వకండి. నా లేత రంగు చొక్కా మెడపట్టీకి పడ్డ మరక చూడటానికి చిన్నదే, వదిలించడానికి నా ప్రాణం తోడేసింది. టాల్కం పౌడర్ చల్లి రాత్రంతా వదిలేసి, పొద్దున్నే గిన్నెల సబ్బుతో రుద్దితే నూనె పోయింది గానీ గోధుమ రంగు నీడ మిగిలింది. వెనిలిన్ ఉన్న సెంట్లు కాలం గడిచేకొద్దీ ముదురు రంగుకి తిరుగుతాయి. సీసాలో నూనె కూడా మొదట్లో కంటే ఇప్పుడు కొంచెం ముదిరింది. వాసన మారలేదు కాబట్టి పాడైందని కంగారు పడలేదు. ఎండ తగలని అరలో పెడుతున్నాను.

ఒక్క మాట వాతావరణం గురించి. ఉక్కపోతలో ఇది నాకు భారంగా అనిపించింది. చెమట పట్టిన చర్మం మీద లవంగమూ వెనిల్లా కలిసి మెడకి దుప్పటి చుట్టినట్టు ఉంటుంది. చలిగా ఉన్న రోజుల్లో, వాన రోజుల్లో, ఏసీ గదుల్లో దీని అసలు అందం తెలుస్తుంది.

మళ్లీ కొంటానా? ఇదే నూనె, గోళీ లేకుండా, గాజు పుల్ల మూతతో వచ్చే సీసా ఉంటే ఇవాళే కొంటాను. ఐదుకి మూడున్నర. వాసనకి నాలుగున్నర ఇవ్వొచ్చు, వెనిల్లాకి ఆ అర పోయింది. మిగతా మార్కు మొత్తం మూతే మింగింది.

పోయిన వారం మా వాడికి నిజంగానే పన్ను పుచ్చింది. స్కూలు నుంచి నేరుగా క్లినిక్‌కి తీసుకెళ్లాను. తలుపు తీయగానే అదే వాసన, గుప్పున. వాడు మొహం చిట్లించి, నా పక్కన కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు. కాసేపటికి నా చెయ్యి లాక్కుని, మోచేతి మడతలో ముక్కు దూర్చి, పేరు పిలిచేదాకా అలాగే ఉండిపోయాడు. నేను రాసుకుని అప్పటికి ఏడు గంటలైంది.